పొరలు వ్రాసికొను విద్య

కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగినవానికి రాయి దూరదేశపు వస్తువు. గుడివాడ మొదలు బందరు వరకు, దివిసీమ మొదలు కొల్లేటి అంచు వరకు ఎచ్చట గునపము దించినను నది తెచ్చి పరచిన ఒండ్రుమట్టియు, సముద్రము విడిచిపోయిన ఇసుకయు తప్ప మరేమియు తగులదు. ఇంటిముందరి మెట్టుబండ, వంటింటి రోలు, దేవాలయపు ధ్వజస్తంభ పీఠము, ఇవన్నియు మెరక ప్రాంతముల నుండి దిగివచ్చినవే. అట్టి నేలమీద పెరిగిన కన్ను వరిచేని పచ్చదనములోని భేదములను పసిగట్టుటలో ఎంత నేర్పు గలదైనను, రాతిగోడ ఎదుట నిలిచినపుడు 'ఇది రాయి' అని మాత్రమే గ్రహించి ఊరకుండును. ఈ అధ్యాయము అట్టి కన్ను గల యువతీయువకుల కొరకు వ్రాయుచున్నాను. భూవిజ్ఞానము పాఠ్యవిషయముగా గైకొని, విజయవాడ నుండి మొదటిమారు జగ్గయ్యపేట ప్రాంతపు సున్నపురాతి క్వారీలకు నోటుపుస్తకముతో బయలుదేరువారికి ఇది పనికివచ్చు పద్ధతి. అయితే, ఎదుటనున్న దానిని ఉన్నదున్నట్లు చూచి, చూచినంత మేరకే వ్రాయుట అను గుణము ఒక్క శాస్త్రమునకే చెందినది కాదు గనుక, వైద్యుడును, న్యాయవాదియు, పత్రికా విలేకరియు దీనిని తమ వృత్తికి అన్వయించుకొనవచ్చునని నా విశ్వాసము.

అభ్యాసము క్వారీ చేరకముందే, విజయవాడలోనే ప్రారంభము కావలెను. ఇంద్రకీలాద్రి చరియల మీదను, మొగల్రాజపురము గుహల పరిసరములందును, రాతిలో సమాంతరముగా సాగు చారలు అనేకము కనబడును. వానిని చూచి పొరలనుకొనుట సహజము. కాని, క్వారీలో మనము చూడబోవు అర్థమున అవి పొరలు కావు. ఈ కొండల రాయి ఖొండలైటు. ఒకానొకప్పటి బంకమట్టియు ఇసుకయు భూగర్భమున బహుదూరము దిగబడి, అపారమైన వేడికిని ఒత్తిడికిని లోనై, గార్నెట్, సిల్లిమనైట్ మొదలైన ఖనిజములుగా మారినపుడు, ఆ ఖనిజములు ఒత్తిడికి లోబడి బారులు తీరుటచే ఏర్పడిన చారలవి. నీటి అడుగున ఒకదానిమీద నొకటి నిలిచిన నిక్షేపమైనచో అందు కాలక్రమము గలదు, క్రిందిది ముందు, పైది తరువాత. ఒత్తిడిచే తీరిన చారలో ఆ క్రమము లేదు. దూరమునుండి చూచువానికి రెండును ఒక్కటే తీరున నుండును. గీత కనబడిన చోటనెల్ల పొర యున్నదని వ్రాయరాదను మొదటి పాఠమును, బస్సు ఎక్కకముందే, దుర్గమ్మ కొండ మెట్ల దారిలోనే నేర్చికొనవచ్చును.

విజయవాడ నుండి హైదరాబాదు రహదారిని పట్టి ఇబ్రహీంపట్నము, పరిటాల, కంచికచర్ల దాటి, కీసర యొద్ద మునేటిని గడచి, నందిగామ మీదుగా చిల్లకల్లు చేరి, అచటినుండి జగ్గయ్యపేటకు తిరుగు ఈ ప్రయాణము డెబ్బది ఎనుబది కిలోమీటర్లకు మించదు. కాని ఆ కొద్ది దూరములోనే మన కాలిక్రింది భూమి స్వభావమే మారిపోవును. తూర్పుకనుమల రూపాంతర శిలలు వెనుకబడి, కృష్ణకు ఇరుప్రక్కల పలనాటి దాక వ్యాపించిన అవక్షేప శిలల ద్రోణి ఎదురగును. దీనిని శాస్త్రజ్ఞులు కడప మహాద్రోణిలోని పలనాటి ఉపద్రోణియని వ్యవహరింతురు. ఇందలి శిలలు కర్నూలు వర్గమునకు చెందినవి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ శాఖకు చెందిన విలియం కింగ్ 1872లో ప్రకటించిన మహాగ్రంథములో కడప, కర్నూలు శిలలను వరుసక్రమమున వర్ణించెను. కర్నూలు వర్గములో అడుగున బనగానపల్లె క్వార్ట్‌జైటు, దానిపై నర్జి సున్నపురాయి, ఆపైన ఔకు షేలు, పాణ్యము క్వార్ట్‌జైటు, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేలు, ఈ విధముగా మన రాయలసీమ గ్రామముల పేర్లే ఆ శ్రేణికి పేర్లైనవి. నూటయేబది యేండ్లు గడచినను ఆ వరుస నేటికిని భూవిజ్ఞానులకు ఆధారము. కాలినడకను, గుఱ్ఱముల మీదను, ఎడ్లబండ్ల మీదను సంచరించిన కాలములో ఇంత విస్తారమైన ప్రదేశపు శిలలను ఒక వరుసలో నిలుపగలుగుట చూచి నేను ఎల్లప్పుడును ఆశ్చర్యపడుదును. ఒక్కొక్క వాగు గట్టున, ఒక్కొక్క కొండవాలున నిలిచి, అడుగున ఏమున్నది, పైన ఏమున్నది అని విసుగు లేక వ్రాసికొనుటయే దానికి మూలమని తోచుచున్నది.

జగ్గయ్యపేట పరిసరములందును, నది కావలి ఒడ్డున దాచేపల్లి, పిడుగురాళ్ళ, మాచర్ల ప్రాంతములందును సిమెంటు కర్మాగారములకు ప్రాణమైనది ఈ నర్జి సున్నపురాయియే. బూడిదవన్నె, నీలిబూడిదవన్నె, లేత పసుపువన్నె, కొన్నిచోట్ల లేత ఆకుపచ్చ ఛాయ గల ఈ రాయి మిక్కిలి సూక్ష్మమైన రేణువులు గలది. కొన్నిచోట్ల మందమైన బండలుగాను, కొన్నిచోట్ల పలుచని నాపరాళ్ళుగాను విడివడును. దీని క్రిందనున్న బనగానపల్లె శిలలోని గులకరాతి పొరలందు వజ్రములు దొరకుట ప్రసిద్ధము. ఈ సున్నపురాయిలో గవ్వలు గాని, ఎముకలు గాని దొరకవు. ఏలయన, జీవులు గట్టి చిప్పలు ధరింప నేర్వకపూర్వపు సముద్రములో ఏర్పడిన నిక్షేపమని దీనిని గూర్చి అధికుల అభిప్రాయము. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు. దీనితో ముందు మనకు పని యున్నది.

ఇక క్వారీ సంగతి. కొండచరియకును క్వారీ గోడకును ఒక గొప్ప భేదము కలదు. కొండచరియ మీరు వచ్చే యేడు మరల పోయి చూచినను అచటనే యుండును. ఎండకు వానకు మాసి, నాచు పట్టి, సగము కప్పబడి యుండవచ్చును గాని, ఉండును. క్వారీ గోడ నిన్నటి పేలుడుతో బయటపడినది, రేపటి పేలుడుతో క్రషరులోనికి పోవునది. ఇంత శుభ్రమైన, ఇంత క్రొత్తదైన, అడుగునుండి పైదాక ఎడతెగక కనబడు ఛేదము ప్రకృతిలో అరుదుగా లభించును. లభించినది అంత శీఘ్రముగనే నశించును. కనుక క్వారీలో నిలిచి వ్రాయువాడు వ్రాసిన పుట, ఆ గోడకు మిగులబోవు ఏకైక సాక్ష్యము కావచ్చును. నేను ఈ అధ్యాయమున చెప్పదలచిన ముఖ్యవిషయము ఇదియే, తక్కిన నియమములన్నియు దీనినుండి పుట్టినవే: మరల వచ్చి చూచికొందమను ఆశను వదలిపెట్టి, ఈ గోడను మరి యెవ్వరును చూడబోరను ఎఱుకతో వ్రాయవలెను.

ఇది అతిశయోక్తి కాదు. ఇదే పలనాటి సున్నపురాతితో చెక్కిన అమరావతి స్తూపపు కథను ఒకమారు స్మరింపుడు. పద్దెనిమిదవ శతాబ్ది చివర రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అమరావతిలో నూతన నగరము కట్టించు దినములలో స్తూపమున్న దిబ్బను త్రవ్వి రాళ్ళు తీసికొనిపోయిరి. 1797లో, తరువాతి కాలమున కల్నలైన కాలిన్ మెకంజీ మొదటిమారు ఆ స్థలమును దర్శించెను. తరువాత 1816లో, సర్వేయరు జనరలు పదవి నధిష్ఠించిన పిదప, తన చిత్రకారులను వెంటబెట్టుకొని మరల వచ్చి, కనబడిన ఫలకములను కొలిచి, అంశాంశము వదలక చిత్రింపజేసెను. ఆ ఫలకములలో కొన్ని సున్నము కొరకు బట్టీలలో కాలిపోయినవి, కొన్ని గోడలలో కలిసిపోయినవి, కొన్ని ఏమైనవో తెలియదు. నేడు వానిని గూర్చి మనకు తెలిసినదంతయు ఆ చిత్రముల వలననే తెలిసినది. ఆ స్తూపపు పూర్వరూపమును ఊహింపబూనిన ప్రతి పండితుడును ఆ చిత్రములను ఎదుట బెట్టుకొని కూర్చుండవలసినదే. జగ్గయ్యపేట స్తూపము గతియు ఇట్టిదే; 1882లో జేమ్స్ బర్జెస్ వచ్చి పరిశోధించునాటికి అందలి రాళ్ళు చాల వరకు తరలిపోయినవి. అప్పుడు దొరకిన కొద్ది ఫలకములలో, మాంధాత చక్రవర్తి చేయి చాచి ధనవర్షము కురిపించుకొనుచున్నట్టి ప్రసిద్ధ ఫలకము నేడు చెన్నపట్టణపు మ్యూజియములో భద్రముగా నున్నది. మెకంజీ చిత్రకారులకు బౌద్ధశిల్పము అర్థమైనదా యని యడిగినచో, అర్థము కాలేదనియే చెప్పవలెను. ఆ కాలములో దానిని బౌద్ధమని నిర్ధారించినవారే అరుదు. అర్థము కాకున్నను కొలతలు తప్పకుండ, గీతలు మార్చకుండ వ్రాసిరి. అందువలననే తరువాతి తరములకు అర్థము చేసికొను అవకాశము మిగిలినది. క్రొత్తగా నేర్చువానికి ఇంతకు మించిన ధైర్యవచనము లేదు. మీకు పొరల అర్థము తెలియకపోవచ్చును. తెలియువఱకు వ్రాయుట ఆపనక్కరలేదు.

ప్రయాణమునకు కార్తికము మొదలు మాఘము వరకు మంచి కాలము. ఎండాకాలములో మిట్టమధ్యాహ్నము సున్నపురాతి గోడ తెల్లగా మిరుమిట్లు గొలిపి చూపునే హరించును. వానాకాలములో గుంట అడుగున నీరు నిలిచి క్రింది బెంచీ, అనగా గోడను కోయుచు వదలిన అడుగు మెట్టు, మునుగును. ముందుగా గని మేనేజరు అనుమతి వ్రాతమూలకముగా పొందవలెను. శిరస్త్రాణము, గట్టి బూట్లు, కనులకు అద్దములు లేక గోడను సమీపింపరాదు. ఏ వేళకు పేలుళ్ళు జరుగునో, సైరను మ్రోగినపుడు ఎచ్చట తలదాచుకొనవలెనో మొదటనే అడిగి తెలిసికొనవలెను. పైన వ్రేలాడు బండ క్రిందను, క్రొత్తగా పేల్చిన గోడ పాదమునను నిలువరాదు. అచ్చటి పని చూచు మేట్ 'అటు పోవద్దు' అన్నచో, ఎంత అందమైన పొర యున్నను, పోరాదు. ఇందు చర్చకు తావు లేదు.

పనిముట్లు స్వల్పము. సుత్తి, పది రెట్లు పెంచి చూపు చేతి అద్దము, దిక్కును వాలును కొలుచు బ్రంటన్ దిక్సూచి, పొడవైన టేపు, మీటరు గుర్తులు గల కఱ్ఱ, పదిశాతము హైడ్రోక్లోరికామ్లము గల చిన్న సీసా, గుడ్డసంచులు, చెరగని సిరా కలము, గట్టి అట్టల నోటుపుస్తకము, రెండు పెన్సిళ్ళు. పెన్సిలు ఎందులకనగా, చెమటకు చినుకునకు మామూలు సిరా చెదరును, పెన్సిలు గీత చెదరదు. సెల్‌ఫోనులో వ్రాసికొనవచ్చును గదా యని యడుగుదురు. ఛాయాచిత్రమునకును, స్థాననిర్ణయమునకును అది చాల ఉపకారి; కాని బొమ్మను చేతితో గీయునపుడు మాత్రమే కన్ను ఒక్కొక్క గీత మీద నిలువవలసివచ్చును, ఫోటో తీయువానికి ఆ నిర్బంధము లేదు. అందుచేత రెండును చేయుడు. బొమ్మను ముందు, ఫోటోను తరువాత.

గోడ ఎదుటికి రాగానే వ్రాయ మొదలుపెట్టకూడదు. ఇది యువకులకు కష్టముగా తోచు నియమము. ముందు దూరముగా నిలిచి, గోడ ఈ చివర నుండి ఆ చివర దాక కన్ను పోనిచ్చి, ఏ రంగు పట్టీ ఎచట మొదలై ఎచట అంతమగుచున్నదో, ఏ గీత ఎడతెగక సాగుచున్నదో, ఏది నడుమ తెగి క్రిందికో పైకో జరిగినదో చూడవలెను. పిదప గోడ పొడవున ఒకమారు అటునిటు నడవవలెను. ఉదయపు ఏటవాలు వెలుతురులో నీటి అలలు మిగిల్చిన అలగుర్తులు, సన్నని దారపు గీతలు స్పష్టమగును. అవే మధ్యాహ్నమున మాయమగును. కావున ఏ గోడకు ఏ వేళ వెలుతురు ప్రక్కనుండి పడునో గమనించి, దానికి తగినట్లు దినచర్యను ఏర్పరచుకొనవలెను. ఇట్లు చూచిన పిమ్మట ఎడమ పుటలో గోడ మొత్తమునకు ఒక స్థూల చిత్రము గీచి, దిక్కులు, కొలత, తేదీ, బెంచీ సంఖ్య వేసి, ఏ స్థానమున నిలువుగా కొలువదలచితిమో ఆ గీతను దానిమీద గుర్తింపవలెను.

వ్రాత అడుగునుండి పైకి సాగవలెను. పుస్తకమునందు మనము పైనుండి క్రిందికి వ్రాయుదుము గనుక, కన్ను సహజముగా గోడను కూడ పైనుండియే చదువబోవును. దానిని బలవంతముగా త్రిప్పుకొనవలెను. 1669లో నికొలాస్ స్టెనో అను డెన్మార్కు దేశపు విద్వాంసుడు ప్రతిపాదించిన సూత్రము ప్రకారము, కదలని చోట క్రిందిపొర పూర్వము, పైపొర తరువాత. కాలము ఏ దిక్కున నడచినదో కలము ఆ దిక్కుననే నడచినచో, ఒక పొర ముగిసి మరియొకటి మొదలైన చోట సంభవించిన మార్పు మనస్సునకు కథాక్రమమున అందును. అయితే ఈ సూత్రమును గ్రుడ్డిగా నమ్మరాదు. పలనాటి పడమటి భాగమున పొరలు దాదాపు సమతలముగా పరుండియున్నను, తూర్పు అంచునకు వచ్చుకొలది అవి మడతలు పడి, నెట్టబడి యున్నవి. తీవ్రముగా మడతపడిన చోట పొరలు తలక్రిందులై యుండుటయు సంభవమే. పైవైపు ఏదియో రాయినే అడుగవలెను. అలగుర్తుల వాడి శిఖరములు పైకి చూచును. ఎండిన బురద నెఱ్ఱెలు క్రిందికి పోవుకొలది సన్నబడును. ఇట్టి గుర్తు ఒక్కటైన దొరికినచో దానిని బొమ్మతో సహా వ్రాసి, ప్రక్కన పైముఖముగా ఒక బాణపుగుర్తు వేయుడు.

ఏది ఒక పొర, ఏది రెండు పొరలు అను సందేహము అందరికిని కలుగును. రంగు గాని, రేణువుల పరిమాణము గాని, మందము గాని, విడివడు తీరు గాని మారిన చోట క్రొత్త సంఖ్య వేయుట మంచిది. కలుపుట తరువాత ఇంటివద్ద చేయవచ్చును; కలిపి వ్రాసినదానిని విడదీయుటకు గోడ యుండదు. ప్రతి పొరకును మందము, తాజా విరుపు మీది రంగు, మాసిన ముఖము మీది రంగు, రేణువు, లోపలి గీతలు, క్రిందిపొరతో కూడిన సంధి, ఈ యారింటిని తప్పక వ్రాయవలెను. వీనిలో సంధిని విద్యార్థులు తరచు విస్మరింతురు. నా దృష్టిలో పొర కంటె సంధియే ముఖ్యము. అది కత్తితో కోసినట్లు తీక్షణముగా నున్నదా, వ్రేలెడు మేర మెల్లగా మారినదా, ఎగుడుదిగుడుగా కోతపడినదా, నడుమ బంకమట్టి రేకు గలదా? పొర నిక్షేపము జరిగిన కాలమును చెప్పును. నిక్షేపము ఆగిన కాలము, నీరు వెనుదీసిన కాలము, సముద్రస్వభావము మారిన కాలము సంధియందే దాగియుండును. రంపపు పండ్లవలె సాగు సన్నని నల్లగీతలు కూడ సున్నపురాతిలో తరచు కనబడును. అవి ఒత్తిడిచే రాయి కరగిపోగా మిగిలిన మలినపు గీతలే గాని నిక్షేపపు హద్దులు కావు. వానికి వేరు గుర్తు వాడవలెను.

కొలతలో ఒక మెలకువ. నిలువు గోడ మీద టేపు వ్రేలాడదీసి కొలిచినది పొర యొక్క నిజమైన మందము కాదు, పొర వాలియున్నచో. ఆరు మీటర్ల బెంచీలో పొరలు 10 డిగ్రీలు వాలియున్నచో నిజమైన మందము 5.91 మీటర్లు, 30 డిగ్రీలు వాలియున్నచో 5.20 మీటర్లకు తగ్గును. నిలువు కొలతను వాలు కోణపు కొసైనుతో హెచ్చవేసినచో ఈ సంఖ్య వచ్చును. మరియొకటి, గోడ మీద కనబడు వాలు నిజమైన వాలు కానక్కరలేదు. పొర తలము మీద నీటిమట్టపు గీత సాగు దిక్కును స్ట్రైకు అందురు. గోడ ఆ దిక్కునకు 30 డిగ్రీల కోణమున కోయబడి యున్నచో, నిజముగా 20 డిగ్రీలు వాలిన పొర ఆ గోడ మీద సుమారు 10 డిగ్రీలే వాలినట్లు కనబడును. మూల తిరిగి, వేరొక దిక్కున నున్న గోడను కూడ చూచి, పొర తలము బయటపడిన చోట దిక్సూచి నుంచి కొలుచుటయే దీనికి విరుగుడు. ఒక ముఖమును మాత్రమే చూచి వాలు ఇంత యని వ్రాసినవాని పటము పొరుగు క్వారీ దాక పోవునప్పటికి మీటర్ల కొలది తప్పును.

పేరు పెట్టుటకు ముందు పరీక్ష. సుత్తితో కొట్టి తాజా విరుపు తీసి, నీటితో తడిపి అద్దముతో చూచి, ఎండిన తరువాత రంగు వ్రాసి, ఒక్క చుక్క ఆమ్లము వేయవలెను. సున్నపురాయి బుసబుస పొంగును; మెగ్నీషియము హెచ్చిన డోలమైటు ముద్దగా నున్నపుడు మందముగనే యుండి, గీకి పొడిచేసిన చోట మాత్రము పొంగును; చెకుముకిరాతి జాతి చెర్టు చలింపదు. కంటికి ఒకే బూడిదవన్నెగా నున్న మూడు పొరలు ఈ చుక్కతో మూడు తీరుల స్పందించుట చూచినపుడు, పేరు పెట్టుటకు తొందరపడిన మనస్సు తానే వెనుకకు తగ్గును. దీని ప్రయోజనము కర్మాగారమునకు కూడ తక్కువ కాదు. శుద్ధమైన సున్నపురాతిలో సున్నము 56 శాతము, తక్కిన 44 శాతము కాల్చినపుడు పోవు వాయువు. మలినములు హెచ్చుకొలది ఆ 56 తగ్గుచు వచ్చును, మెగ్నీషియా మితిమీరినచో సిమెంటు గట్టిపడిన చాలకాలమునకు ఉబ్బి పగులును. ఏ పొరను దేనితో కలిపి క్రషరునకు పంపవలెనో నిర్ణయించువాడు పొరల లెక్క తెలిసినవాడే.

ఈ లెక్కలో చదువరి కంటె ముందున్నవారు క్వారీలోనే కలరు. "ఈ సుద్దపొర కాడికొచ్చేసరికి డ్రిల్లు గబుక్కున దిగిపోద్దండి, పై బెంచీలోనూ ఇంతే, అవతల గుంటలోనూ ఇంతే" అని ఒక డ్రిల్లరు చెప్పిన మాట, గోడ మీద అరచేయి వెడల్పు కూడ లేని ఒక మెత్తని రేకు రెండు గుంటల నడుమ అవిచ్ఛిన్నముగా సాగుచున్నదను వార్త. పుస్తకములు చదివి వచ్చినవాడు ఆ రేకును దుమ్మనుకొని వదలివేయును. అట్టి మాటను, చెప్పినవారి పని పేర్కొని, వారి మాటలలోనే ఉటంకింపుగా వ్రాసి, మీరు స్వయముగా చూచిన తరువాత దాని క్రింద మీ పరిశీలనను వేరుగా చేర్చవలెను. వారితో 'అన్నా', 'మేస్త్రీగారూ' అని మర్యాదగా పలికి, భోజనవేళలో కొంతసేపు కూర్చున్నచో, మీరు సుత్తితో కొట్టి తెలిసికొనలేని సంగతులు తెలియును.

ఇక, గవ్వలు దొరకవని పైన చెప్పిన సంగతికి వత్తును. సున్నపురాయి అనగానే శిలాజములుండునని పాఠ్యపుస్తకము చదివినవాడు వాని కొరకు వెదకును. కనబడకపోగా 'శిలాజములు లేవు' అని వ్రాయును. ఆ వాక్యము అతడు చూచినది కాదు. 'అడుగునుండి మూడు మీటర్ల మేర అద్దముతో వెదకితిని, కనబడలేదు' అనునది అతడు చూచినది. మొదటి వాక్యము తరువాతివానిని వెదకనీయదు. రెండవది, ఎంత మేర వెదకబడినదో, ఎచట ఇంకను వెదకవలసి యున్నదో చెప్పి అతనికి దారి చూపును. అట్లే 'లోతులేని సముద్రపు నిక్షేపము' అని వ్రాయుట పరిశీలన కాదు, ఊహ. 'అలగుర్తులు, శిఖరముల ఎడము నాలుగు సెంటీమీటర్లు' అనునది పరిశీలన. ఊహ వలదని నేననను. గోడ ఎదుట నిలిచినపుడు పుట్టు ఊహ ఇంటివద్ద పుట్టు ఊహ కంటె విలువైనది. కాని నోటుపుస్తకపు పుటను నిలువుగా గీచి, చూచినది ఒక ప్రక్కను, అనుకొన్నది మరియొక ప్రక్కను వ్రాయుట అలవరచుకొనవలెను. ఊహ రేపు మారవచ్చును, మారవలెను కూడ. అది పరిశీలనతో కలిసిపోయినచో, దానిని కొట్టివేయునపుడు చూచినదియు కొట్టుకొనిపోవును. మనుష్యుల విషయమున మనము చేయు తప్పులలో అధికభాగము ఈ నిలువుగీత లేకపోవుట వలననే కలుగుచున్నవి. 'అతడు నన్ను చూచి పలుకరింపక పోయెను' అనునది చూచినది. 'అతనికి నాపై ద్వేషము' అనునది అనుకొన్నది. రెండింటిని ఒకే వాక్యముగా మనస్సున వ్రాసికొని, సంవత్సరముల కొలది దానినే సాక్ష్యముగా నమ్మి బ్రతుకువారిని చూచుచునే యున్నాము. రాతిగోడ ఎదుట ఈ విభజనను సాధించినవానికి ఇంటిలోను, కార్యాలయములోను అది క్రమముగా అలవడుననుట నేను మనఃపూర్వకముగా నమ్మిన విషయము. రాయి మనపై కోపము గాని ప్రేమ గాని చూపదు గనుక, అభ్యాసమునకు అంతకంటె అనువైన గురువు లేదు.

నమూనా తీయునపుడు, రాతిని గోడనుండి విడదీయకముందే దానిమీద పైముఖపు బాణమును, సంఖ్యను వ్రాయవలెను. విడదీసిన తరువాత పైవైపు ఏదియో బ్రహ్మదేవుడైనను చెప్పజాలడు. సంచిమీద ఒకటి, సంచిలోపల చీటిమీద ఒకటి, నోటుపుస్తకములో పొర సంఖ్య ప్రక్కన ఒకటి, ఇట్లు మూడుచోట్ల అదే సంఖ్య యుండవలెను. ప్రతి ఫోటోలోను కొలత చూపు కఱ్ఱ గాని సుత్తి గాని యుండవలెను.

ఆనాటి పనిని ఆనాటి రాత్రియే ముగింపవలెను. జగ్గయ్యపేటలో బసచేసినను, చివరి బస్సుకు విజయవాడ చేరినను, నిద్రకు ముందు పెన్సిలు వ్రాతను సిరాతో తిరిగి దిద్ది, నిలువు స్తంభముగా పొరలను కొలతకు గీయవలెను. ఒక మీటరును ఒక సెంటీమీటరుగా గీచినచో ఆరు మీటర్ల బెంచీ చిన్న కాగితములో ఇముడును. పలుచని రేకులు ముఖ్యమైనచో ఇరువదవ వంతు కొలత తీసికొనవలెను. మొత్తము మందము, విడివిడి మందముల కూడికకు సరిపోవుచున్నదా యని చూచినపుడు వచ్చు తేడా ఆ రాత్రి కనబడినచో, మరునాటి ఉదయము గోడ యొద్దకు పోయి సరిచేసికొనవచ్చును. ఒక వారము తరువాత కనబడినచో సరిచేసికొనుటకు గోడ మిగిలియుండదు. అలసిన దేహమునకు ఇది కష్టమే. అయినను, మంచి క్షేత్రపరిశోధకునికిని సామాన్యునికిని భేదమును నేను పగటి పనిలో కంటె ఈ రాత్రి గంటలోనే చూచియున్నాను.

రెండవ క్వారీలో ఇదే పని చేసిన పిమ్మట రెండు స్తంభములను ప్రక్కప్రక్కన నుంచి, ఒకదానిలోని ఏ పొర మరియొకదానిలోని ఏ పొరకు సమానమో నిర్ణయింపవలసి యుండును. మందమును బట్టి కలుపరాదు. మందము దూరముతో మారును. రంగును బట్టియు తొందరపడరాదు. డ్రిల్లరు చెప్పిన ఆ మెత్తని రేకు, లేదా చెర్టు గడ్డలు వరుసగా నున్న ఒక పట్టీ, ఇట్టి విలక్షణమైన గుర్తు రెండింటను ఒకే వరుసలో, పైని క్రిందను ఒకే ఇరుగుపొరుగుతో దొరికినపుడు మాత్రమే వానిని కలుపు గీతను నిండుగా గీయవలెను. తక్కినచోట్ల చుక్కల గీత చాలును. ఈ చిత్రపు ప్రతిని, తేదీతోను బెంచీ సంఖ్యతోను, గని కార్యాలయములోని భూవిజ్ఞానికి ఇచ్చి రావలెను. పేలుడు రంధ్రముల నుండి తీసిన పొడికి వారు జరిపించు రసాయన విశ్లేషణల ఫలితములు వారియొద్ద నుండును. మీ పొర సంఖ్యల ఎదుట ఆ శాతములను వ్రాసికొన్నచో, చుక్కల గీతలలో కొన్నింటిని నిండు గీతలుగా మార్చుటకు గాని, కొన్నింటిని తుడిచివేయుటకు గాని ఆధారము లభించును.